రెండూ పదికి పెట్టిన సంతకం

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి నేను అన్నం ముందు కూర్చున్నాను. అక్కడిదాకా జ్ఞాపకం ఉంది. గోడ గడియారం చూసి, ఇరవై నిమిషాల్లో తినేసి రెండింటికల్లా వరండాలో ఉండాలనుకున్నాను. పళ్ళెంలో అన్నం, బీరకాయ కూర ఉన్నాయి. పక్కన గ్లాసుతో మజ్జిగ. కూర కలిపాను. ఆ తరవాత నాకు తెలివి వచ్చింది నాలుగు గంటలకి. తల గోడకి ఆని ఉంది. కుడిచేతి వేళ్ళకి మెతుకులు ఎండి అతుక్కుపోయాయి.

ఈ మధ్యలో, రెండూ పదికి, నేను ఒక సంతకం పెట్టానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంతకం వల్ల ఒక మనిషి పోయింది. అందుకే రాస్తున్నాను. రాస్తే తేలుతుందని కాదు. తేలదని నాకు తెలుసు.

అవి అరవైల చివరి సంవత్సరాలు. శ్రీకాకుళం జిల్లాలో రైలు కట్టకి దగ్గరగా ఉన్న ఒక తాలూకా ఆసుపత్రి. ఊరి పేరు అవసరం లేదు. నాకు ఇరవై ఆరేళ్ళు. హౌస్ సర్జన్‌గా ఉండటం ముగిసి ఏడాది కూడా కాలేదు. అక్కడ ముగ్గురం డాక్టర్లం: పెద్ద డాక్టరుగారు, నేను, నాకంటే ఒక ఏడాది ముందు వచ్చిన నా స్నేహితుడు. అతనిది పొందూరు పక్క పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. నాది విజయనగరం, మా నాన్న బడిపంతులు. ఇద్దరికీ అప్పటికి పెళ్ళి కాలేదు. ఆసుపత్రి వెనక ఒకే గదిలో ఉండేవాళ్ళం. అతను నన్ను బావా అని పిలిచేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు.

వానలు వెనకపట్టు పట్టిన నెలలో కలరా వచ్చింది. పెద్ద డాక్టరుగారు టీకాలు వేసేవాళ్ళని వెంటబెట్టుకొని జీపులో పల్లెలు తిరుగుతూ ఉన్నారు. ఆసుపత్రి మా ఇద్దరి మీద పడింది. కాగితం మీద రోజు విడిచి రోజు డ్యూటీ. నిజానికి ఇద్దరం ఎప్పుడూ అక్కడే ఉండేవాళ్ళం. కాగితం మీద ఆ రోజు ఎవరి పేరు ఉంటే సంతకాలు వాళ్ళవి, అంతే తేడా. అలా పదకొండు రోజులు. పదకొండని ఎందుకు చెప్పగలనంటే, అప్పుడు నేను చదువుతున్న పుస్తకంలో ఒకే పేజీ మార్జిన్లో పదకొండు పెన్సిల్ గీతలు ఉన్నాయి. రోజూ ఆ పేజీ తెరిచి, ఒక గీత పెట్టి, ఒక్క వాక్యం చదవకుండానే మూసేసేవాణ్ణి.

నిద్ర లేకపోతే మనిషికి ఏమవుతుందో నేను పరీక్షకి చదివి రాశాను. చదివినట్టు కాలేదు. ఆవలింతలు, కళ్ళ మంటలు మొదటి మూడు రోజులే. తరవాత అవి పోతాయి. మనిషికి తేలిగ్గా ఉంటుంది, బాగానే ఉన్నాననుకుంటాడు. ఒక రోజు స్టెతస్కోపు ఒక రైతు రొమ్ము మీద పెట్టి వింటున్నాను. కొట్టుకుంటున్నది అతని గుండెనా నాదా అని సందేహం వచ్చింది. సందేహం తీర్చుకోవాలని కూడా అనిపించలేదు. ఇంకో రోజు కేసు షీటులో రోగి పేరు రాయవలసిన చోట నా పేరు రాశాను. సిస్టరు చూసి కొట్టేసి సరైన పేరు రాసింది.

నా స్నేహితుడిది ఇంకో రకం. ఒక ఉదయం మజ్జిగమ్మే ఆమె మా గుమ్మంలో కుండ దించింది. అతను లేచి వచ్చి ఆమె ముఖం లోకి చూసి, "ఎన్నిసార్లయ్యాయి?" అన్నాడు.

"ఏటి బాబూ?"

"పొద్దున్నించి ఎన్నిసార్లయ్యాయి? నీళ్ళలాగేనా?"

"ఓలమ్మో! నాను మజ్జిగమ్మడానికొచ్చినాను బాబూ, మంచమెక్కడానికి కాదు. నీళ్ళలాగని అంత గట్టిగా అనీకండి, ఇన్నోలు నా మజ్జిగ సంగతనుకుంటారు."

ముగ్గురం నవ్వాం. అతను నవ్వుతూనే గుమ్మానికి ఆనుకొని కూర్చుని నిద్రపోయాడు. ఆమె అతని మీదుగా చెయ్యి చాపి నా గిన్నెలో మజ్జిగ పోసింది.

ఆ ఆసుపత్రిలో కాల్ బుక్ అని ఒక పొడుగాటి పుస్తకం ఉండేది. వార్డులో డాక్టరు అవసరమైతే సిస్టరు అందులో రోగి నంబరు, సంగతి, టైము రాసి ఆయా చేత మా గదికి పంపేది. డాక్టరు తన చేత్తో టైము వేసి, సంతకం పెట్టి, వెంటనే వెళ్ళాలి. చూసి వచ్చాక ఏం చెయ్యాలో అందులోనే రాయాలి. అది నియమం. మొదటి వారంలోనే మేం ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఎవరి డ్యూటీ అయినా సరే, ఆయా వచ్చినప్పుడు మెలకువగా ఉన్నవాడు రెండోవాణ్ణి లేపకూడదు. వాడి పేరు మీద వీడే సంతకం పెట్టి వెళ్ళి చూడాలి. దీనికోసం ఓపీ చీటీల వెనక ఒకరి సంతకం ఒకరం నేర్చుకున్నాం. అతను త్వరగా నేర్చుకున్నాడు.

"ఒరే బావా, నీ సంతకం నీకన్నా నేనే బాగా పెడతన్నాను. రేపు నీ పెళ్ళి కాగితం మీద కూడా నేనే పెట్టీగలను. నువ్వు హాయిగా తొంగో," అనేవాడు.

మాకు మేం పెట్టుకున్న షరతు ఒకటే ఉండేది: లేచి వెళ్ళి చూడకుండా పుస్తకంలో ఏదీ రాయకూడదు. దానికి కారణం నంబర్లు. మంచాలు చాలక కలరా రోగుల్ని వరండాలో చాపల మీద పడుకోబెట్టేవాళ్ళం. ఎవరి తలాపి దగ్గర వాళ్ళ నంబరు నేల మీద సుద్దతో రాసి ఉండేది. రోజూ పన్నెండు గంటలకి బ్లీచింగు నీళ్ళతో వరండా కడిగేవాళ్ళు. కడిగితే సుద్ద పోతుంది. మళ్ళీ తలుపు దగ్గరినుంచి వరసగా ఒకటి, రెండు, మూడు అని రాసేవాళ్ళు. ఈలోగా కొందరు నయమై ఇంటికి పోతారు, కొందరు చనిపోతారు, కొందరు కొత్తగా వస్తారు. అందుచేత ఉదయం తొమ్మిదో నంబరు మధ్యాహ్నం తొమ్మిదో నంబరు కాదు. ఇది మాకు తెలుసు. ఆయాకి తెలుసు. వరండా కడిగే మనిషికి కూడా తెలుసు.

ఆ రోజు డ్యూటీ నా పేరు మీద ఉంది. ఉదయం తొమ్మిదో నంబరు ఒక ముసలాయన, కొబ్బరితోటకి కాపలా ఉండేవాడు. నయమైంది. లేచి కూర్చుని గంజి తాగుతూ, చేతిలో సూది తీసెయ్యమని అందరినీ బతిమాలుతున్నాడు.

పదకొండింటికి ఒక మనిషిని తెచ్చారు. నౌపడ దగ్గర ఉప్పు కొఠార్లలో పనిచేసే ఆమె, ముప్పై ఏళ్ళు ఉంటాయి. కూడా అత్తగారు వచ్చింది. రైలులో పడుకోబెట్టి తెచ్చారట, స్టేషను నుంచి ఎడ్లబండి. చేతుల చర్మం ఉప్పునీళ్ళకి పగిలి గరుగ్గా ఉంది. నరం దొరకలేదు. మూడుసార్లు గుచ్చి, నాలుగోసారి మోచేతి మడత దగ్గర పట్టుకున్నాను. సెలైను ఎక్కడం మొదలుపెట్టింది. చెయ్యి కదలకుండా పట్టుకొమ్మని అత్తగారికి చెప్పాను.

"నా పేనం పోయినా ఒగ్గను బాబూ," అందామె.

ఆ అత్తగారి ముఖం నాకు బాగా జ్ఞాపకం ఉంది. రెండు సీసాలు ఎక్కాక కోడలి నాడి చేతికి తగిలింది. ఇంకా చాలా సీసాలు ఎక్కాలి. పన్నెండింటికి వరండా కడిగారు. నంబర్లు మళ్ళీ రాశారు. కోలుకున్న ముసలాయన నాలుగో నంబరు అయ్యాడు. ఉప్పు కొఠార్ల ఆమె తొమ్మిదో నంబరు అయింది. ఒంటిగంటా నలభైకి నేను అన్నం ముందు కూర్చున్నాను.

నాలుగింటికి మెలకువ వచ్చి వరండాకి వెళ్ళాను. సీసా ఆమె తలాపి దగ్గర నేల మీద ఉంది, సగానికి పైగా నిండుగా. గొట్టం చుట్టి పక్కన పెట్టారు. అత్తగారు చెంచాతో గంజినీళ్ళు నోట్లో పోస్తోంది. అవి పెదవుల చివరినుంచి కారిపోతున్నాయి. కళ్ళు లోతుకి పోయాయి. నాడి లేదు.

"ఎవరు తీశారిది?" అని అరిచాను.

అత్తగారు నాకేసి చూసింది. "మీరే తియ్యమన్నారట కదా బాబూ. సూది జారిపోయినాదని సెప్పినాను. నానొగ్గలేదు, అదే జారిపోయినాది. నీళ్ళసీసా ఏల తీసెత్తన్నారమ్మా అనడిగితే డాట్రుగారు రాసినారని ఆ సిస్టరమ్మ సెప్పినాది. గంజి పట్టమన్నారట. పడతన్నాను. ఇదేటో మింగలేదు."

సిస్టరు కాల్ బుక్ తెచ్చి చూపించింది. ఆమె చేత్తో రాసింది: తొమ్మిదో నంబరు, సూది జారిపోయింది, మళ్ళీ పెట్టాలా? దాని కింద ఇంగ్లీషులో జవాబు: చూశాను, అక్కర్లేదు, నోటితో గంజినీళ్ళు ఇవ్వండి. దాని కింద టైము రెండూ పది. దాని పక్కన నా సంతకం.

సిస్టరు ఆ సమయంలో కాన్పు గదిలో ఉంది. నేను వచ్చి చూసి వెళ్ళాననుకుంది. అనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ జవాబు ముసలాయనకి సరైన జవాబు. అది రాసింది ఎవరైనా, ఉదయపు తొమ్మిదో నంబరుని మనసులో పెట్టుకొని రాశారు. చూశాను అని రాశారు, చూడలేదు.

నా స్నేహితుణ్ణి లేపాను. అతను మంచం మీద బూట్లతో పడుకొని ఉన్నాడు. పరిగెత్తుకు వచ్చాడు. చేతుల్లో నరాలు దొరకలేదు. అతను చీలమండ పైన కోసి నరం బయటికి తీశాడు. నేను సీసా ఎత్తి పట్టుకున్నాను. గంటన్నర పైగా ఎక్కించాం. ఆరింటికి పావుగంట ఉందనగా ఆమె పోయింది.

దుఃఖం గురించి నేను పుస్తకాల్లో చాలా చదివాను. ఆ సాయంత్రం నాకు దుఃఖం రాలేదు. ఆకలి వేసింది. గదికి వెళ్ళి, అదే పళ్ళెంలో ఎండిపోయిన అన్నంలో మజ్జిగ పోసుకొని తిన్నాను. తింటూ నా కుడిచెయ్యి చూసుకున్నాను. రెండూ పదికి ఈ చేతికి మెతుకులు ఉండాలి. పుస్తకం మీద మరక లేదు. చెయ్యి తుడుచుకొని పెట్టి ఉండొచ్చు. మళ్ళీ కలుపుకొని ఉండొచ్చు. ఇలా ఆలోచిస్తూనే పళ్ళెం ముందు మళ్ళీ నిద్రపోయాను.

మర్నాడు పెద్ద డాక్టరుగారు వచ్చారు. బట్టలు మట్టి కొట్టుకొని ఉన్నాయి. కాల్ బుక్ బల్ల మీద తెరిచి మా ఇద్దర్నీ నిలబెట్టారు.

"ఈ సంతకం ఎవరిది?"

నేను దానికేసి చూశాను. నాది లాగే ఉంది. నాది లాగే ఉండేట్టు అతను కూడా పెట్టగలడు. నోరు తెరిచాను.

"నాదండి," అన్నాడు నా స్నేహితుడు. "అతను అన్నం తింటూ పడిపోయాడు. నేనే పెట్టాను."

"అతని పేరు నువ్వెలా పెడతావు?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా బల్ల మీద పెట్టారు. ఆయన కూడా ఎన్నాళ్ళనుంచో నిద్రపోలేదని అప్పుడు గమనించాను.

"ఇది పైకి రాస్తే మీ ఇద్దర్నీ తీసేస్తారు. తీసేస్తే రేపు ఈ వరండాలో ఎవరుంటారు? నేను ఒక్కణ్ణేనా?" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకొని, "పొండి. వెళ్ళి రోగుల్ని చూడండి," అన్నారు.

బయటికి వచ్చాక అతనికి కృతజ్ఞత చెప్పాలా, క్షమాపణ అడగాలా అని ఆలోచించాను. అతను నిజం చెప్పి ఉంటే ఒకటి చెయ్యాలి, నా కోసం అబద్ధం చెప్పి ఉంటే ఇంకొకటి. ఏది చెయ్యాలో తెలియక ఏదీ చెయ్యలేదు. అతనూ ఆ మాట ఎత్తలేదు.

రెండు రోజులు ఆగి ఆయాని అడిగాను. పుస్తకం మోసుకొచ్చింది ఆమే కదా. ఆమెది సముద్రం ఒడ్డు పల్లె, మొగుడు పడవ మీద పోయాక ఆసుపత్రిలో చేరింది. ఎవరికీ జంకేది కాదు.

"ఆ రోజు పుస్తకం మీద సంతకం పెట్టింది ఎవరు?"

"మీరే కదా బాబూ."

"నేను నిద్రపోతూ ఉన్నాను కదా?"

"అయితే ఆ బాబు కామోసు."

"సరిగ్గా చెప్పు. అన్నం దగ్గరున్నవాడా, మంచం మీదున్నవాడా?"

ఆమె చీపురు గోడకి ఆనించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సరిగ్గానే సెప్తన్నాను. బాబూ అని పిలిసినాను. లోపల్నించి సెయ్యొకటి వచ్చినాది. పుస్తకం అట్టుకెల్లింది, రాసింది, ఇచ్చీసింది. ఏ బాబు సెయ్యో నానేటి సూసుకుంటాను? ఆ రోజుల మీ ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు. ఇద్దరికీ కళ్ళు లెవ్వు."

ఒకరి సంతకం ఒకరు పెట్టడం మాత్రం ఆపేశాం. ఆపుదామని ఎవరూ అనలేదు. నెల తిరక్కుండా అతన్ని ఏజెన్సీలో ఒక డిస్పెన్సరీకి బదిలీ చేశారు. అది శిక్షో, మామూలు బదిలీయో నాకు తెలియదు. రైలు ఎక్కించడానికి వెళ్ళాను. అతను పెట్టె మీద కూర్చుని, "కొండల్లో జ్వరాలేనట బావా, రాత్రుళ్ళు తొంగోవచ్చట," అన్నాడు.

తరవాత ఇద్దరం ఉద్యోగాల్లో పెద్దవాళ్ళమయ్యాం. పెళ్ళిళ్ళు, పిల్లలు. పండక్కో పబ్బానికో కలిసేవాళ్ళం. అతను రిటైరయ్యాక విజయనగరంలోనే ఇల్లు కట్టుకున్నాడు. నేను కూడా మా ఊరు చేరుకున్నాను. వారానికి ఒకసారైనా వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. ముప్పై ఏళ్ళకి పైగా అడగని మాట ఒక రోజు వాళ్ళావిడ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళాక అడిగాను.

"ఆ రోజు పుస్తకంలో రాసింది నువ్వేనా?"

ఏ రోజు అని అతను అడగలేదు. "నువ్వనుకున్నాను," అన్నాడు.

"మరి నాదని ఎందుకు చెప్పావు?"

"నువ్వు నోరు తెరిచి నిలబడ్డావు. ముఖంలో నెత్తురు లేదు. ఇద్దర్లో ఒకడు చెప్పాలి కదా అని చెప్పీసాను. నేనే పెట్టి ఉంటానేమో కూడా. నాకు గుర్తుంటే కదా."

"నీకు తెలీదా?"

"నీకు తెలుసనుకున్నాను ఇన్నాళ్ళూ. తెలిసి ఊరుకున్నావనుకున్నాను. ఒకోసారి కోపం కూడా వచ్చేది నీ మీద."

నాకు తెలియదని చెప్పాను. అతను నమ్మాడో లేదో చెప్పలేను. కాఫీ చల్లారిపోయింది. అతను, "ఆ ముసలమ్మ," అన్నాడు.

నేను ఎవరికీ చెప్పని సంగతి అది. శవాన్ని బండి మీదికి ఎక్కించాక అత్తగారు వెనక్కి తిరిగి వచ్చింది. మేం ఇద్దరం వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాం. ఆమె మా ముందు ఆగి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "మీ సేతనైంది మీరు సేసినారు నాయినా. నిద్దర్లు మానుకొని సేసినారు. ఎల్లొస్తాను," అంది. తల వంచుకొని బండి వెనక నడిచి వెళ్ళిపోయింది.

"ఆ దణ్ణం ఎవరికి పెట్టిందిరా బావా?" అన్నాడు నా స్నేహితుడు.

"ఇద్దరికీ," అన్నాను.

"ఇద్దరికీ పెడితే ఎలాగ?"

వాళ్ళావిడ వచ్చి, చల్లారిన కాఫీ చూసి మా ఇద్దర్నీ కోప్పడి గ్లాసులు తీసుకువెళ్ళింది.

కిందటి ఏడాది అతను ఆసుపత్రిలో పోయాడు. ఎనిమిది రోజులు ఉన్నాడు. చివరి రోజు నేను పక్కనే ఉన్నాను. ఆ వార్డులో డ్యూటీ చేస్తున్న కుర్ర డాక్టరు వచ్చి చూసి, పోయిన టైము రాసుకున్నాడు. రాసిన టైము కొట్టేసి మళ్ళీ గడియారం చూసి రాశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎన్ని గంటలనుంచి ఉన్నావు బాబూ అని అడుగుదామనుకున్నాను. అతను అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. నా స్నేహితుడి కొడుకు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. కాగితాలు తీసుకొని, మనిషిని తీసుకొని అందరం ఆ కుర్రవాడి పక్కనుంచే బయటికి నడిచాం. దణ్ణం పెట్టడానికి నా చేతులు లేవబోయాయి. ఆపుకున్నాను. ఎందుకు ఆపుకున్నానో నాకు స్పష్టంగా తెలియదు. ఆ దణ్ణం ఆ కుర్రవాడికి మేలో కీడో కూడా తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు మనిషి పోయాక డాక్టరుకి ఎవరూ దణ్ణం పెట్టరు.